రాయకుండా చేసిన మేలు

చైతన్యపురిలో నేను రాజ్యాంగం చెబుతాను. వినడానికి అదేదో గొప్ప సంగతిలా ఉంటుంది గానీ, నేను చెప్పేది బిట్లు. ఏ అధికరణ దేని గురించి, ఏ రిట్ ఎవరి మీద వేస్తారు, పట్టుకున్న మనిషిని ఎన్ని గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. నాలుగు జవాబులిస్తారు, పిల్లలు ఒక గుండ్రం నింపాలి. గుర్తుండడానికి కోడ్‌లు కట్టిస్తాను. ఇరవై రెండో అధికరణ రోజైతే క్లాసంతా ఒక్క గొంతుతో అరవాల్సిందే. "కారణం చెప్పాలి, లాయరును కలవనివ్వాలి, ఇరవై నాలుగు గంటల్లో కోర్టుకు తేవాలి." ఆ అరుపులకి కింద టిఫిన్ సెంటరతను దోసె పెనం మీదే వదిలేసి పైకి చూసేవాడు. ఎన్ని బ్యాచ్‌ల చేత అలా అరిపించానో నాకే గుర్తులేదు.

మా ఇల్లు ఇన్‌స్టిట్యూట్ వెనక వీధుల్లో, సరూర్‌నగర్ చెరువు వైపు పోయే దారిలో ఉంది. మాది కృష్ణా జిల్లా. పెళ్ళయ్యాక వచ్చి ఇక్కడే ఉండిపోయాం. మేడ మీద గదిని కిరాయికిచ్చాం. కిరాయి అనే మాట ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను, ఇప్పుడు అద్దె అంటే నాకే ఏదోలా ఉంటుంది. ఆ గదిలో నా పాత స్టూడెంటు ఒకడు చాలా కాలంగా ఉంటున్నాడు. బాటసింగారం దాటి లోపలికి పోతే వచ్చే ఊరు వాళ్ళది. నాన్నకు చిన్న జామతోట ఉంది. నేను కుర్రాడనే అంటాను గానీ వాడి చెవుల పైన వెంట్రుకలు ఎప్పుడో నెరిశాయి. సర్కారు నౌకరీకి చదివేవాళ్ళు నోటిఫికేషన్ల మధ్యలోనే ముసలివాళ్ళయిపోతారు. మా రోడ్డు మీద ఏ మెస్‌లో చూసినా అలాంటివాళ్ళు కనిపిస్తారు.

ఒకసారి, ఉద్యోగాలు వెయ్యమని దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద పిల్లలంతా కూర్చున్నారు. వీడు అట్టముక్క మీద మార్కర్‌తో ఏదో రాసి పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఎవరో ఫోటో తీశారు. అందులో వీడి మొహం తేటగా పడింది, ఆ ఫోటో స్టేషన్ దాకా చేరింది. వీడు చేసిన విప్లవం మొత్తం అంతే.

అప్పటినుంచి ఎల్బీనగర్ వైపు మంత్రిలాంటి పెద్దాయన ఎవరైనా వస్తున్నాడంటే చాలు, ముందురోజు సాయంత్రం వీడికి ఫోన్ వచ్చేది. చేసేది స్టేషన్లో పనిచేసే ఒక హెడ్ కానిస్టేబుల్. "తమ్మీ, రేపు సారొస్తుండు. పొద్దుగాల్ల ఒస్తా, జర తయారుండు." చుట్టాలింటికి వస్తున్నట్టే చెప్పేవాడు. తెల్లారి బండి మీద వచ్చేవాడు, వీడు సంచి తగిలించుకుని వెనక కూర్చునేవాడు. సంచిలో కరెంట్ అఫైర్స్ పుస్తకం, నీళ్ళ సీసా, తువ్వాలు. పగలంతా స్టేషన్ బల్ల మీద చదువుకోవడం, వాళ్ళు తెప్పించిన పులిహోర తినడం, పెద్దాయన కార్లు రింగ్ రోడ్డు దాటాక ఇంటికి రావడం. దీన్ని ముందస్తు అరెస్టు అంటారు. పేపర్లో కూడా వాన కబురు రాసినట్టు ఒక మూల రాసి ఊరుకుంటారు.

మొదటిసారి నాకు ఒళ్ళు మండిపోయింది. గేటు దగ్గరే అడ్డంపడ్డాను.

"ఏంటండీ ఇది? ఏం చేశాడని తీసుకెళ్తున్నారు?"

"ఏం జెయ్యలే మేడం. జెయ్యొద్దనే తీస్కపోతున్నం," అని నవ్వాడు హెడ్ కానిస్టేబుల్.

చట్టంలో అలా పట్టుకునే వీలు నిజంగానే ఉంది. అందుకే నాకు ఇంకా మండింది. కానీ రాసి తీసుకెళ్ళాలి, ఎందుకో చెప్పాలి, లెక్క ఉండాలి. "కాగితం ఏది?" అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూశాడు. "కాగితమెందుకు మేడం? పిలగాడు నౌకరికి సదువుతుండు. రాస్తే స్టేషన్ల పేరు పడ్తది. రేపు నౌకరొచ్చినంక వెరిఫికేషన్‌కు ఫైలు మా దగ్గరికే ఒస్తది. గప్పుడేమంటరు? నేనైతే ఒక్క అచ్చరం గూడ రాయనియ్యలే."

వెనకనుంచి మావాడు "అవును మేడం, ఒద్దు మేడం, ఊకోండ్రి," అని బతిమాలుతున్నాడు. మావారు గుమ్మంలోంచి సైగ చేశారు. బతకడానికి వచ్చినవాళ్ళం, పోలీసులతో మనకెందుకు అని ఆయన పాత భయం. నేను పక్కకు తప్పుకున్నాను. ఇంతకీ ఆ హెడ్ కానిస్టేబుల్ చెడ్డవాడు కాదు. నిజంగానే మేలు చేస్తున్నాననుకున్నాడు. మేమూ అలాగే అనుకున్నాం. అలా పట్టుకుపోయిన పిల్లలందరూ, వాళ్ళ అమ్మానాన్నలూ అదే అడిగేవాళ్ళు, రాయకండి సార్ అని. రాయని పోలీసు మంచి పోలీసు.

ఒకసారి మావారి స్నేహితుడైన వకీలుగారిని అడిగాను. ఎల్బీనగర్ కోర్టుల్లో ప్రాక్టీసు ఆయనది. ఆయన చెప్పింది విని నా పాఠం మీద నాకే విరక్తి పుట్టింది. "పొద్దున పట్టుకుంటారమ్మా, సాయంత్రం వదిలేస్తారు. నేను పిటిషన్ టైపు చేయించేసరికి మనిషి ఇంట్లో టీవీ చూస్తుంటాడు. జడ్జిగారు ఏమంటారు? వదిలేశారుగా, ఇంకేం కావాలి అంటారు. ఇరవై నాలుగు గంటలనేది ఎవడికి? రాత్రి ఉంచుకుంటే కదా!" నేను చైతన్యపురిలో అరిపించే అధికరణను ఎవరూ కొట్టెయ్యలేదు. సవరణ రాలేదు, ఓటింగు జరగలేదు. పుస్తకంలో అదే పేజీలో అలాగే ఉంది. మా గేటు దగ్గర మాత్రం దానికి పని లేకుండాపోయింది.

తెలిసిన విలేఖరికి కూడా చెప్పి చూశాను. "ముందస్తు అరెస్టు వార్తెట్లయితది మేడం? ఎవర్నీ పట్టుకోకపోతే గద వార్త," అన్నాడతను. అది జోకు కూడా కాదు, మామూలుగానే అన్నాడు.

కొన్నాళ్ళకు అన్నీ అలవాటైపోయాయి. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ హెడ్ కానిస్టేబుల్ వస్తే నేను టీ కూడా పెట్టేదాన్ని. వీడు స్నానం చేసి వచ్చేదాకా ఆయన వరండాలో కూర్చుని తన కూతురి గురించి చెప్పేవాడు. ఆ పిల్ల నా క్లాసులోనే చేరింది. చురుకైనది, ముందు బెంచీలో కూర్చునేది. ఇరవై రెండో అధికరణ అందరికంటే గట్టిగా అరిచేది.

వీడికి చివరికి ఉద్యోగం తగిలింది. తగిలిందంటే, రాతపరీక్షలో పేరొచ్చింది, సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు రమ్మన్నారు. అది దాటితే నౌకరీ వచ్చినట్టే. వయసు పరిమితికి వీడు అంచున ఉన్నాడు. ఇది పోతే మళ్ళీ పరీక్ష రాయడానికి కూడా పనికిరాడు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు. వాళ్ళ నాన్న బాటసింగారం మార్కెట్లో జామకాయలు దించి, ఒక బుట్ట మాకోసం ఆటోలో వేసుకొచ్చాడు. మేడ మెట్ల మీద కూర్చుని నాతో ఒకటే మాట అన్నాడు. "ఇగ మావోణ్ని ఎవలడిగినా ఏం జేస్తుండో చెప్పొచ్చు మేడం. ఇన్నేండ్లు సదువుతుండు, సదువుతుండు అనుకుంటనే గడిచిపాయె." కళ్ళు తుడుచుకుని, ఏమీ జరగనట్టు బుట్ట ఖాళీ చేసి తీసుకుపోయాడు.

వెరిఫికేషన్ ఊరికి ఆ చివర. చైతన్యపురిలో మెట్రో ఎక్కితే మారకుండా వెళ్ళిపోవచ్చు. వీడు పదో తరగతి మెమో నుంచి కులం సర్టిఫికెట్ దాకా ఒక ప్లాస్టిక్ ఫైల్లో సర్దుకున్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. ఫోటోలో ఎలా పడతానో అని నాచేత గెడ్డం గురించి కూడా అభిప్రాయం చెప్పించుకున్నాడు. "పెళ్ళిచూపులకు వెళ్తున్నావా నాయనా, వెరిఫికేషన్‌కా?" అని ఏడిపించాను. ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది. ఎల్బీనగర్లో ఏదో ప్రారంభోత్సవం, పెద్దాయన వస్తున్నాడు.

"అన్నా, రేపు నా వెరిఫికేషనే," అన్నాడు వీడు. ఫోన్ స్పీకర్లో పెట్టాడు, నేనూ విన్నాను.

"అరె, గట్లనా! ముబారక్ తమ్మీ. ఏం గాదు. పొద్దుగాల్లనే ఒస్త, మా ఎస్సై సారుకు మొకం సూపెట్టి ఎంటనే పో. నేను మాట్లాడ్త గద."

"వద్దు. ఇప్పుడే మెట్రో ఎక్కి ఆ చివర ఎవరింట్లోనైనా పడుకో," అన్నాను. వాడు ఒప్పుకోలేదు. ఇంట్లో లేకపోతే పారిపోయాడంటారు, అప్పుడు నిజంగానే రాస్తారు, పోలీసు వెరిఫికేషన్లో అది బయటపడుతుంది అన్నాడు. అన్నేళ్ళు శుభ్రంగా ఉంచుకున్న పేరును చివరి రోజు పాడుచేసుకోవాలని వాడికి లేదు. ఎవరికైనా ఉంటుందా!

తెల్లారి హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. వీడు తెల్లచొక్కాతో, చేతిలో ఫైలుతో దిగాడు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. "ఏమండీ, టైముకి పంపించే పూచీ మీది," అన్నాను. "నాదీ మేడం, నా బిడ్డ లెక్క జూస్కుంట," అన్నాడాయన. పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన వస్తే నేను లోపలికి పరిగెత్తాను. స్టవ్ కట్టేసి వచ్చేసరికి బండి వీధి మలుపు తిరిగిపోయింది.

ఆ రోజు క్లాసులో ఏం చెప్పానో తెలియదు. రెండు క్లాసుల మధ్య వాడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. హెడ్ కానిస్టేబుల్‌కి చేస్తే, "బందోబస్తుల ఉన్న మేడం, స్టేషన్ల లేను. నన్ను ఇటేసిన్రు," అన్నాడు. వాణ్ని ఇంకా వదల్లేదని ఆయన గొంతులోనే తెలిసిపోయింది. ఆటో పట్టుకుని స్టేషన్‌కి పోయాను. కొత్తగా వచ్చిన ఎస్సై, చాలా మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు. "పైనుంచి ఆర్డర్ మేడం. సార్ వాపస్ పోయేదాంక ఎవర్నీ ఇడువొద్దన్నరు." లోపల బల్ల మీద మావాడు కనిపించాడు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. చొక్కా నలగకూడదని గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చున్నాడు. నన్ను చూసి ఏం ఫరవాలేదన్నట్టు తలాడించాడు. అక్కడ నాకు ఏడుపొచ్చింది. అరిచాను కూడా. సిగ్గులేదా మీకు, వాడి జీవితం అది, అని అరిచాను. ఎస్సై మంచినీళ్ళు తెప్పించాడు.

కార్లు రింగ్ రోడ్డు దాటేసరికి పొద్దు వాలింది. వాడు అటునుంచి అటే మెట్రో ఎక్కి ఆ చివరికి పోయాడు. హాలు తాళం వేసి ఉందట. వాచ్‌మన్ మాత్రం ఉన్నాడట.

మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళాం. అక్కడి అధికారి ముసలాయన, కోపిష్టి కూడా కాదు. వాడి పేరు పక్కన రాలేదని రాసేశారు. అయినా మేం చెప్పింది ఓపికగా విన్నాడు. "ఆస్పత్రిలో ఉంటే డాక్టరు కాగితం తెస్తారు. స్టేషన్లో ఉంటే స్టేషన్ కాగితం తెండి. మీ తప్పు లేదని రుజువుంటే వారం లోపల మళ్ళీ పిలవొచ్చు, రూలుంది," అన్నాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. ఓస్ ఇంతేనా అనుకున్నాం. తిరుగు మెట్రోలో వీడు ఆపకుండా మాట్లాడాడు. రాస్తే కేసు పడుతుందేమో మేడం అని వాడే అని, కేసని కాకుండా, ఆ రోజు స్టేషన్లో ఉన్నాడు అని మాత్రమే రాయమందాం అని వాడే సర్దుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ రాగానే దిగి స్వీట్ షాపులో మైసూర్‌పాక్ కొన్నాడు, స్టేషన్లో ఇద్దామని.

ఎస్సై మైసూర్‌పాక్ తీసుకున్నాడు. కాగితం మాట వినగానే డబ్బా మూత పెట్టేశాడు.

"అరెస్టా? ఎవర్ని జేసినం మేడం?"

నేను తెల్లబోయాను. "నిన్నే కదండీ. నేనొచ్చాను కదా, నాకు మంచినీళ్ళు కూడా ఇచ్చారు కదా!"

"తను ఒచ్చిండు, కూసున్నడు, పోయిండు. మేం బేడీలేసినమా? లాకప్‌ల పెట్టినమా? జనరల్ డైరీల ఎక్కడ్నన్న పేరు రాసున్నదా?" గొంతు తగ్గించి, నిజంగా బాధగానే అన్నాడు. "మేడం, నేను మీ నోట్సు సదివే ఎస్సై పరీక్ష పాసైన. మీకు జెప్పేదేముంది? అరెస్టయితే గద ఇరవై రెండు! అరెస్టే కాలే."

నాకు తల కొట్టేసినట్టయింది. నా నోట్సు, నేను కట్టిన కోడు, నాకే అప్పజెప్పాడు. తప్పు ఎక్కడుందో చూపించి మార్కు కోసేద్దామంటే ఎక్కడా దొరకలేదు. హెడ్ కానిస్టేబుల్ అక్కడే అల్మారా పక్కన నిలబడ్డాడు. మావాడు ఆయన వైపు తిరిగి, "అన్నా, నువ్వే గదనే తీస్కొచ్చింది, చెప్పరాదు," అన్నాడు. ఆయన అల్మారా తీసి ఏదో ఫైలు వెతకసాగాడు.

ఆ వారమంతా కాళ్ళరిగేలా తిరిగాం. వకీలుగారు హైకోర్టులో వేద్దామన్నారు గానీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి అన్నారు. "అసలు పట్టుకున్నారని చూపిస్తేనే కదమ్మా, ఎందుకు పట్టుకున్నారని అడిగేది! కోర్టు చెయ్యి పెట్టడానికి ఒక్క అక్షరం ఉండాలి. మీరంతా కలిసి ఆ ఒక్క అక్షరం లేకుండా చూసుకున్నారు." ఆయన నిష్ఠూరంగా అనలేదు గానీ నాకు అలాగే తగిలింది.

అప్పుడు వీడికి ఒక సంగతి గుర్తొచ్చింది. ఎవరినైనా తీసుకొచ్చినప్పుడు కానిస్టేబుల్ ఒక ఫోటో తీసి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడతాడు, పని అయిందని పైవాళ్ళకు తెలియడానికి. ఆ రోజు కూడా తీశాడు. బల్ల మీద వీడు, ఒళ్ళో ఫైలు, వెనక గోడ మీద గడియారం. ఆ ఫోటో ఒక్కటి చేతికొస్తే చాలు.

గడువు ముగిసే ముందురోజు నేను హెడ్ కానిస్టేబుల్‌ని మా ఇంటికి రమ్మన్నాను. వచ్చాడు. టీ ఇవ్వలేదు. ఫోటో అడిగాను.

"ఫోన్ మార్చిన మేడం," అన్నాడు.

"అబద్ధం. చేతిలో ఉన్నది అదే ఫోను. పగిలిన గాజు కూడా అదే."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఇస్తే నా నౌకరి పోతది మేడం. గ్రూపులకెళ్లి బయటికొచ్చిందంటే ఎవరిచ్చిన్రో ఎర్కైతది. ఇంక నాలుగేండ్లున్నది సర్వీసు." తర్వాత తలెత్తి, చేతులు జోడించాడు. "నా బిడ్డ మీ క్లాసులనే ఉన్నది. దాని మీద ఇది పెట్టుకోకుండ్రి మేడం."

అన్నిటికంటే ఆ మాటకే నాకు ఎక్కువ కోపమొచ్చింది. నన్నేమనుకున్నాడు! ఒక పిల్లకు పాఠం ఎగ్గొట్టి కక్ష తీర్చుకుంటాననుకున్నాడా? "లేవండి. మీ అమ్మాయి నా స్టూడెంటు. దానికీ దీనికీ ముడిపెడితే మర్యాదగా ఉండదు," అన్నాను. ఆయన వెళ్ళిపోయాక ఆలోచిస్తే అర్థమైంది. ఆయన చూసిన లోకంలో చేతిలో ఏదైనా ఉన్న మనిషి దాన్ని వాడుకుంటాడు, ఆపేవాళ్ళు ఉండరు. నేనెందుకు వేరుగా ఉంటానని అనుకోవాలి? ఆ అమ్మాయి మరుసటి వారం నుంచి క్లాసుకు రాలేదు. వేరే ఇన్‌స్టిట్యూట్‌లో చేరిందని తర్వాత తెలిసింది.

గడువు దాటిపోయింది. వీడి తర్వాత పేరున్నవాడిని పిలిచారు. ఎవరో పాపం, వాడు కూడా ఎన్నాళ్ళనుంచి చదువుతున్నాడో. వీడు తన తండ్రికి ఫోన్లో చెప్పలేక, నన్ను చెప్పమన్నాడు. చెప్పాను. అవతల మార్కెట్లో లారీల హారన్లు వినబడ్డాయి. "సరే మేడం. ఆన్ని అన్నం తినుమనుండ్రి," అన్నాడు ఆ తండ్రి.

వీడు ఊరికి పోలేదు. ఇక రాయడానికి పరీక్షలు లేకపోయినా గదిలో పుస్తకాలు అలాగే ఉంచుకున్నాడు. మా ఇన్‌స్టిట్యూట్‌లోనే సాయంత్రం బ్యాచ్‌కు లెక్కలు చెబుతున్నాడు. నేను ఇరవై రెండో అధికరణ ఇప్పటికీ చెబుతున్నాను, చెప్పక తప్పదు, బిట్ వస్తుంది. అరిపించడం మాత్రం మానేశాను. గొంతు బాగోలేదని చెప్పాను పిల్లలకు.

ఆమధ్య మళ్ళీ పెద్దాయన ఎవరో ఇటు వస్తున్నారన్నారు. ముందురోజు ఫోన్ రాలేదు. తెల్లారి హెడ్ కానిస్టేబులే వచ్చాడు, గేటు బయటే ఆగాడు. నేను ముగ్గు గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మావాడు మెట్లు దిగి వచ్చాడు. సంచి తగిలించుకున్నాడు, బూట్లు వేసుకున్నాడు. ఎప్పటిలాగే వెళ్ళిపోతాడనుకున్నాను.

గేటు తీయలేదు. లోపలే నిలబడి, "రాసి తీస్కపో అన్నా," అన్నాడు.

"ఏందది?"

"నా పేరు, మా నాయన పేరు, ఎందుకు తీస్కపోతున్నవో, ఎప్పట్సంది ఎప్పటిదాంక. రాసి సంతకం బెట్టు. ఒస్తా."

హెడ్ కానిస్టేబుల్ అటూ ఇటూ చూశాడు. ఎదురింటావిడ బాల్కనీలోంచి చూస్తోంది. "పిచ్చోనివా తమ్మీ? రాస్తే నౌకరి రాదు."

"రాయకుంటెనే పాయె గదన్నా."

వాడు కోపంగా అనలేదు. టైమెంతయింది అని అడిగినట్టే అన్నాడు. ఆయన పక్కకు పోయి ఫోన్ చేశాడు. మాకన్నీ వినబడుతున్నాయి. "సార్, రాయమంటుండు సార్... లేద్సార్, లొల్లి ఏం జేస్తలేడు... ఒస్త అనే అంటుండు సార్, రాస్తేనే ఒస్తడంట, గంతే." చాలాసేపు విన్నాడు. ఫోన్ పెట్టేసి గేటు దగ్గరకు వచ్చాడు.

"రాయొద్దన్నడు సారు," అన్నాడు.

"మరి?" అన్నాను నేను.

"మరేముంది మేడం. ఇంట్లనే ఉండుమను." బండి స్టార్ట్ చేసి, ఒక్కసారి వాడి వైపు చూసి, వెళ్ళిపోయాడు.

ఎదురింటావిడ చప్పట్లు కొట్టినంత పనిచేసింది. నేను కూడా శభాష్ రా అందామనుకున్నాను. వాడి మొహం చూస్తే నోరు రాలేదు. బూట్లు విప్పకుండా మెట్టు మీద కూలబడ్డాడు, సంచి ఒళ్ళో పెట్టుకుని. స్టేషన్లో ఫైలు పట్టుకున్నట్టే రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మేడం," అన్నాడు. "ఆ రోజు గూడ గిట్లనే అంటే, ఇడిచిపెట్టిపోతుండెనా?"

రిట్లు ఎన్ని, సవరణలు ఎన్ని అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వాడు నా వైపే చూస్తున్నాడు, జవాబు కోసం. నేను గిన్నె గట్టు మీద పెట్టి, వాడి పక్కన కూర్చున్నాను.